మూత రాని ట్యాంకు

యుద్ధం నుంచి వచ్చినప్పటి నుంచీ అన్న ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడింది లేదు. ఎలాగైనా ఆయన నోరు విప్పించాలని దర్జీ పని చేసే తమ్ముడు, అన్న యుద్ధంలో నడిపిన ట్యాంకు లాంటి బొమ్మను విడిభాగాలుగా కొని తెచ్చి అతికిస్తూ, నెల రోజులు దానికే అంకితమైపోయాడు. ఆ ట్యాంకు పాత ఫొటో ముందు పెట్టుకుని నాలుగు ఆకుపచ్చలు కలిపాడు. రంగును పాలంత పల్చన చేసి, గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో పొర మీద పొర కొట్టాడు. చక్రాలకు దుమ్ము రంగు కూడా అద్దాడు.

అన్న బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"రంగు సరిగ్గా కుదిరిందా అన్నా?"

"నన్నడుగుతావేంట్రా? బయటి రంగు చూసే తీరిక నాకెక్కడిది? నేనుండేది లోపల. లోపలంతా తెలుపే. నా పక్కన కూర్చునే మా జవాను నెత్తురు పడితే రెండు రోజులు తుడిచా, పోలేదు."

అంటూనే గోటితో పైమూత ఎత్తబోయాడు. అది రాలేదు.

"జిగురేసి అతికించేశానన్నా" అన్నాడు దర్జీ నీళ్లు నములుతూ. "లోపల రంగెయ్యలేదు. ఎవరు చూస్తార్లే అని..."

"అవున్రా, ఎవరు చూస్తారు!"

అన్న నవ్వి, బొమ్మను తిరిగి అతని చేతిలో పెట్టాడు.

"బాగుంది. మీ వదినకి చూపించు, మురిసిపోతుంది" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు.