పేరు అడగని కాగితం

జనగామ బస్సు ఎక్కి కూర్చున్నాక కవరు తెరిచాను. మా అబ్బాయి మిథున్ దాన్ని అంటించలేదు. మానుకోటలో, అదే మహబూబాబాద్‌లో, సెల్లు దుకాణంలో పనిచేస్తాడు. సెలవు దొరక్క, కళ్లు చూపించుకోవడానికి పోతున్న నా చేతికిచ్చాడు. మగపిల్లల మీదే మనసు పోయే మగపిల్లలు, మగపుట్టుక పుట్టి ఆడవాళ్లుగా బతికేవాళ్లు, వీళ్ల ఆరోగ్యం ఎట్లా ఉంది, దవాఖానల్లో వీళ్లను ఎట్లా చూస్తున్నారు అని యూనివర్సిటీ వాళ్లు అడుగుతున్నారట. ఆ ప్రశ్నలకు వాడు జవాబులు నింపిన కాగితాలే కవరులో ఉన్నాయి. తనకూ మగపిల్లల మీదే మనసని మావాడు నిరుడు నాకొక్కదానికే చెప్పాడు. వాళ్ల నాయినకు తెలిస్తే ఏమవుతుందోనని అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

మొదటి పేజీ మాత్రమే చూశాను. లోపలివి చదివే ధైర్యం లేకపోయింది. పైన పేరు లేదు, పదిహేడో నంబరు మాత్రం ఉంది. పింఛను దరఖాస్తులో ఇంటిపేరు లేదని మా అత్తను మూడుసార్లు తిప్పారు. పేరు లేని కాగితాన్ని ఎవరు పట్టించుకుంటారు? పక్కామెను పెన్ను అడిగి మిథున్ పేరు, తండ్రి సోమనర్సయ్య, ఊరు నర్సింహులపేట, ఇంటి నంబరు, అన్నీ గుండ్రంగా రాశాను.

జనగామలో ఆ ప్రశ్నల వాళ్ల గదికి చేరేసరికి శిల్ప అనే పరిశోధన చేసే అమ్మాయి భోజనానికి పోయింది. తాళం వేసిన పెట్టె సందులోంచి కవరు వేశాను. అక్కడ చిట్యాల నుంచి వచ్చిన చంద్రి అనే ఆమె కూర్చుంది. మగపిల్లవాడిగా పుట్టి ఆడమనిషిగా బతుకుతోంది. కబుర్లలో నేను పేరు రాసిన సంగతి చెప్పాను. ఆమె నవ్వు ఆగిపోయింది.

"ఏం పని జేసినవక్కా? పేరుండదనే గదా మేం నిజం చెప్పేది. గీ పెట్టె మూడింటికి యూనివర్సిటీకి పోతది."

యూనివర్సిటీలో మా ఊరివాడు ఒక్కడు నౌకరీ చేస్తున్నా చాలు, రేపటికల్లా మా వాకిట్లో మంది చేరతారు. లేచి పెట్టె మీద చేయి వేసి నిలబడ్డాను. అది నడిచిపోదు కూసోమని చంద్రి అంది. కూర్చోలేకపోయాను.

శిల్ప రెండున్నరకు వచ్చింది. విని కోప్పడలేదు. తాళం తీసి కవరు వెతికి, మొదటి పేజీ చింపేస్తానంది. అయితే మిథున్‌కు చెప్పి తీరాలట, కాగితం అతనిది కాబట్టి. చెప్పొద్దని బతిమాలాను. వినలేదు. నా ఫోను నుంచే వాడితో మాట్లాడి నాకిచ్చింది.

"లోపలివి సదివినవా?"

"లేదు బిడ్డా. ఒట్టు."

అవతల ఎవరో చార్జర్ బేరమాడుతున్నారు.

"సదువమ్మా. నాలుగో పేజీ. నోటితోని చెప్పరాలేదు నాకు."

శిల్ప మొదటి పేజీని ముక్కలు చేసి, మిగతావి నా చేతిలో పెట్టి అవతలికి పోయింది. చూపు మసకగా ఉంది, కాగితం దగ్గరికి పట్టుకున్నాను. ఈ ఏడాదిలో బతకొద్దు అనిపించిందా అని ప్రశ్న. 'చాలాసార్లు' దగ్గర టిక్కు. ఎవరికైనా చెప్పారా అంటే, 'లేదు'.

ఒకే ఇంట్లో ఉంటున్నాం. రోజూ అన్నం డబ్బా కట్టి పంపేది నేనే.

"నీ పక్కన ఎవరున్నరు?" ఫోనులో అడిగాను.

"దుకాణం సేటున్నడు."

"ఆయన పక్కనే కూసో. ఫోను పెట్టకు బిడ్డా. మానుకోటకు వస్తున్న."

కాగితాలు శిల్పకు ఇచ్చి, ఫోను చెవి దగ్గర నుంచి తీయకుండానే మెట్లు దిగాను.