వదులైన బాడిస

గవ్రీల కాలికి దెబ్బ తగిలినప్పటి నుంచి ఆ ఇంట్లో కట్టెలు కొట్టడం, పశువులకు గడ్డి వెయ్యడం అన్నీ సిమియోనే చూస్తున్నాడు. "సొంత తమ్ముడైనా ఇంత చెయ్యడు" అని గవ్రీల భార్య తొదోసియా చర్చి దగ్గర పదిమందిలో అంటుంటే, సిమియోన్‌కు ఎక్కడికైనా పారిపోవాలనిపించేది.

రుమేనియాలోని మరమురేష్ కొండల్లో ఓక్ కొయ్యతో సింహద్వారాలు చెక్కడంలో ఇద్దరిదీ పేరున్న జత. దెబ్బ తగలకముందు, ఆ ఏడు ఆకురాలే కాలంలో పని ఇచ్చిన ఆసామి దిమిత్రు మాత్రం, "మధ్యలో సూర్యుణ్ణి గవ్రీల చెక్కాలి. నువ్వు స్తంభాలు చూసుకోవయ్యా" అన్నాడు. ఆ మాట సిమియోన్ కడుపులో మంట పెట్టింది.

మర్నాడు గవ్రీల చెయ్యి చాపాడు. "నీ బాడిస ఇటివ్వరా, నాది మొద్దుబారింది."

బాడిస పిడి ముందురోజే వదులైందని సిమియోన్‌కు తెలుసు. చెప్పబోయి ఆగాడు. నాలుగు దెబ్బలు వంకరగా పడితే దిమిత్రు ముందు వీడి గొప్ప తేలిపోతుందిలే అనుకున్నాడు. అంతకుమించి ఏమీ అనుకోలేదు. కానీ దెబ్బ వేస్తుండగానే బాడిస పిడి మీద తిరిగిపోయి, దుంగను జారి, గవ్రీల పాదంలో దిగింది. అందరూ అతణ్ణి బండెక్కించే గొడవలో ఉండగా సిమియోన్ నెత్తురు తుడిచి, పిడికి గట్టిగా చీల కొట్టేశాడు.

మంచు కరిగేసరికి పాదం మానింది. ఒక ఆదివారం గవ్రీల కొంచెం కుంటుతూ సిమియోన్ ఇంటికొచ్చి, ఉలుల మూట బల్ల మీద పెట్టాడు.

"ఇవి నువ్వు వాడుకో. నాకిక వద్దు."

"అదేంట్రా? కాలు నయమైందిగా!"

"కాలు సంగతి కాదు. చేతిని నమ్మలేకపోతున్నా. ఉలి పట్టుకుంటే చాలు, వణుకు. ఇన్నేళ్ళు అన్నం పెట్టిన చెయ్యి, ఉన్నట్టుండి దగా చేసిందిరా."

సిమియోన్ మూటను అతని వైపు తోశాడు. "నీ చేతి తప్పేం లేదు. పిడి వదులుగా ఉంది. నాకు తెలుసు."

"తెలిసే ఇచ్చావా?"

"తెలిసే."

"తర్వాత నేను తెప్పించి చూశాను. బిగువుగానే ఉందే!"

"నేనే చీల కొట్టా. నిన్ను తీసుకెళ్తున్నప్పుడు."

గవ్రీల తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. "చలికాలమంతా ఈ చేతిని తిట్టుకున్నానురా. మామలిగ, అదే మొక్కజొన్న సంకటి ముద్ద నోట్లో పెట్టుకోడానికి కూడా సిగ్గేసేది. నువ్వు ఎదురుగా కూర్చుని, నాతో కలిసి తింటూ, చూస్తూ ఉన్నావు!"

"కోపంలో..."

"నోర్ముయ్. ఇంకోసారి నా గడప తొక్కావంటే కాళ్ళిరగ్గొడతా." మూట చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఈస్టర్ తర్వాత దిమిత్రు ఇంటి ముందు ద్వారం లేచింది. నిలబెట్టడానికి ఊరందరినీ పిలిచారు, సిమియోన్‌ను తప్ప. అతను మర్నాడు వెళ్ళి రోడ్డు మీద నిలబడి చూశాడు. సూర్యుడి కిరణాల్లో ఒక్కటీ వంకరపోలేదు. ఉలి ఎక్కడా తడబడలేదు. గవ్రీల చెయ్యి వాడికి తిరిగొచ్చింది. ఆ సంతోషానికి అతని కళ్ళు చెమర్చాయి, కానీ గుండెలో బరువు మాత్రం ఉన్నచోటే ఉంది.

అటుగా నీళ్ళ బిందెతో వస్తున్న తొదోసియాను చూసి టోపీ తీశాడు. ఆమె తలతిప్పుకుని, బాటకు అవతలి వైపు నుంచి నడిచిపోయింది.