నాలుగు మరలున్న పుస్తకం

మైదా జిగురు గిన్నె అంచున బుడగలు లేవగానే బైండరు స్టౌ తగ్గించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, చెక్క గరిటెతో మూడుసార్లు తిప్పాడు. నాలుగోసారి తిప్పితే జిగురు నీరుకారిపోతుందని ఆయన నమ్మకం. ముప్ఫై ఎనిమిదేళ్లుగా రోజూ పొద్దున తొమ్మిదింటికి ఇదే పని, ఇదే గది. లైబ్రరీ వెనకవైపు, సైకిళ్లు పెట్టుకునే చోటికి ఆనుకుని ఉంటుందది. ఒక్కటే కిటికీ. కిటికీ కింద పొడవాటి బల్ల. బల్లకి ఒక కొసన ఇనుప ప్రెస్సు, రెండో కొసన వెన్ను ఊడిన పుస్తకాల దొంతర.

పొట్టి మనిషి. వంగి కుట్టీ కుట్టీ మెడ ముందుకు సాగింది. కుడి బొటనవేలి గోరు చెంచాలా అణిగిపోయింది. జిగురుకీ దారానికీ వేళ్ల కొసలు ఎంత నున్నబడ్డాయంటే, గుమ్మం దగ్గర పెట్టిన హాజరు మిషను ఆయన వేలిముద్రని గుర్తుపట్టదు. రోజూ నాలుగుసార్లు వేలు పెట్టడం, అది ఎర్రదీపం వెలిగించడం, ఆయన దాన్ని తిట్టడం, చివరికి గుమస్తా పుస్తకంలో రాసుకోవడం. లైబ్రరీలో ఆయన్ని వెనకాల కుంపటి అంటారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. కుంపటి లేకపోతే జిగురు ఎలా ఉడుకుతుందిరా అని ఒకసారి గుమస్తా మొహం మీదే అడిగాడు.

ఇవాళ కుంపటి మరీ రాజుకుని ఉంది. పుస్తకాల దొంతర పక్కకి జరిపి, తువ్వాలు పరిచి, దాని మీద మూడు మిషన్లు పెట్టి ఉన్నాయి. మూడూ పలకల్లా ఉన్నాయి. ఒక్కోదాంట్లో వందల పుస్తకాలు పడతాయట. వాటిలో ఏదో ఒక రకం కొని, చదువరులకి ఇళ్లకి ఇవ్వాలని పై ఆఫీసు డబ్బు మంజూరు చేసింది. కొనేముందు వాడకం తెలిసినవాళ్లెవరైనా వారం రోజులు చూసి, ఇది బాగుందని సంతకం పెట్టాలి. లైబ్రరీ మేడమ్ ఆయన పేరు రాసి పంపింది.

"పుస్తకం ఎక్కడ నలుగుతుందో, ఎక్కడ చిరుగుతుందో మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసన్నయ్యా?" అంది.

"నా గొయ్యి నన్నే తవ్వుకోమంటున్నావన్నమాట" అన్నాడు ఆయన.

అయినా చూశాడు. ఏ పనైనా సగం చెయ్యడం ఆయనకి చేతకాదు. మొదటిది పెద్దది, రంగులది, అద్దంలా మెరుస్తుంది. ఎండలోకి తీసుకెళితే అక్షరాల బదులు తన మొహమే కనిపించింది. రోజూ ఛార్జింగు పెట్టాలి. రెండోది అన్నిటికన్నా చవక, తేలిక. తెర కాగితంలా ఉంటుంది కానీ దానికి లోపల దీపం లేదు. ఇంట్లో పైకప్పుకి ఒకటే బల్బు వేలాడేవాళ్లకి అది ఎందుకూ కొరగాదు. మూడోది మధ్యరకం. నలుపూ తెలుపూ. లోపల మెత్తటి వెలుగు, పక్కన పుట తిప్పడానికి రెండు బొత్తాలు, ఒకసారి ఛార్జింగు పెడితే మూడు వారాలు. చూడ్డానికి మాత్రం అందం చందం లేదు.

ఆ మూడోదాన్ని మూడు రోజుల కిందట ఇంటికి తీసుకెళ్లాడు. ఆయన కోపం అసలు అక్కడే ముదిరింది.

పెళ్లయిన కొత్తలో ఆయన విడి ఫారాలు ఇంటికి తెచ్చుకుని కుట్టేవాడు. పదహారేసి పుటల మడతలు. ఆయన కుడుతుంటే భార్య ఎదురుగా కూర్చుని, ఒక్కో ఫారం లాక్కుని చదివేది. "ఆగు ఆగు, ఇది ఇంకా అవలేదు, కుట్టెయ్యకు" అనేది. అలా మొదళ్లు లేనివీ చివర్లు లేనివీ ఎన్ని వందల కథలు చదివిందో. రెండేళ్లుగా ఆవిడకి సన్నక్షరాలు ఆనడం లేదు. కళ్లజోడు మూడుసార్లు మార్చినా లాభం లేకపోయింది. చదవడం మానేసి, గోడకేసి చూస్తూ కూర్చోవడం అలవాటు చేసుకుంది.

మూడోదాంట్లో అక్షరాలు ఆయన బొటనవేలి గోరంత పెద్దవయ్యాయి. ఆవిడ గుమ్మంలో కూర్చుని మొదలుపెట్టింది. తినడానికి పిలిస్తే పలకలేదు. రెండోసారి పిలిస్తే చెయ్యి ఎత్తి ఆగమంది.

"నువ్వు కట్టిన పుస్తకం పొట్ట మీద పెట్టుకుంటే ఊపిరాడదు. ఇదైతే ఉన్నట్టే తెలీదు" అంది చివరికి.

ఆయన మర్నాటిదాకా ఆవిడతో మాట్లాడలేదు. హాయిగా అసహ్యించుకుందామనుకున్న వస్తువుని అసహ్యించుకునే వీల్లేకుండా చేసింది కదా అని ఒళ్లు మండిపోయింది.

పదకొండింటికి పై ఆఫీసు నుంచి ఆఫీసరు వస్తాడు. ఈలోగా ఒక్క పని మిగిలింది. ఏ పుస్తకాన్నయినా బైండరు మొదట వెన్ను విప్పి చూస్తాడు. లోపల ఎలా కుట్టారో చూడకుండా మంచిదని గానీ చెడ్డదని గానీ అనడు. మూడోదాన్ని బోర్లించాడు. వెనక నాలుగు చిన్న మరలున్నాయి. కళ్లజోడు బిగించుకునే చిన్న స్క్రూడ్రైవరుతో తిప్పితే నాలుగూ బుద్ధిగా ఊడొచ్చాయి. లోపల అగ్గిపెట్టెంత బ్యాటరీ, చిన్న తీగతో తగిలించి ఉంది. తీశాడు, పెట్టాడు, బిగించాడు. మళ్లీ వెలిగింది.

రంగులదాన్ని బోర్లించాడు. మర లేదు, అతుకు లేదు. అంచు వెంబడి వెంట్రుకంత సందు మాత్రం ఉంది. కాగితం మడతలు నొక్కే ఎముక బద్ద తీసుకుని ఆ సందులో దూర్చి, పాత అట్టని ఒలిచినట్టు మెల్లగా జరుపుతూ వచ్చాడు. మూడు వైపులు వచ్చింది. నాలుగో వైపు టక్కుమంది. వెనక మూత మూల విరిగి, పళ్లు రెండు ఊడి బల్ల మీద పడ్డాయి.

ఆయన ఆ ముక్కలు ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు. ఇన్నేళ్లలో తన చేతిలో పుస్తకం చిరగడం ఇదే మొదలు.

"ఏం తమ్ముడూ, ఎవర్ని తిట్టాలో ఇంకా తేలలేదా?" అంటూ నర్సమ్మ లోపలికొచ్చింది. రిటైరైన నర్సు. వారానికి రెండు పుస్తకాలు తీసుకెళుతుంది. ఇదివరకు నాలుగు తీసుకెళ్లేది. ఇప్పుడు చేతులు వణుకుతున్నాయి.

"నువ్వు ఏది బాగుందన్నావక్కా మొన్న?"

"చెప్పాగా. ఆ రంగులది ముట్టుకుంటేనే ఉలిక్కిపడుతుంది. నా వేలు ఒక్కసారి వణికితే దానికి నాలుగుసార్లు నొక్కినట్టు, నాలుగు పుటలు ఎగిరిపోతాయి. హత్య ఇంకా జరగనే లేదు, హంతకుణ్ణి పట్టేసుకున్నారు. ఆ బొత్తాలదైతే గట్టిగా నొక్కేదాకా కదలదు." ఆవిడ తన చేతుల కేసి చూసుకుని నవ్వింది. "నలభై ఏళ్లు పసివాళ్లని పట్టుకున్న చేతులు. ఇప్పుడు కాగితం పట్టుకోలేకపోతున్నాయి, చూడు."

ఆయనకి నవ్వు రాలేదు. స్క్రూడ్రైవరు జేబులో వేసుకున్నాడు.

నర్సమ్మ వెళ్లాక, పదకొండున్నరకి ఆఫీసరు వచ్చాడు. నలభై దాటి ఉండవు. గదిలో జిగురు వాసనకి ముక్కు మీద చెయ్యి పెట్టుకుని, కుర్చీ తుడిపించుకుని కూర్చున్నాడు. మేడమ్ పక్కన నిలబడింది. ఆవిడ చేతిలో కాగితాల అట్ట ఉంది.

"ఏమయ్యా, చూశావా? రంగులది బాగుంది కదా. సంతకం పెట్టెయ్."

"బాగోలేదు సార్."

"ఫొటోలో బాగా పడుతుందయ్యా. మా ఆఫీసు పెద్దాయన ప్రారంభోత్సవానికొస్తారు. ఆ నల్ల పలకలు చేతిలో పెడితే ఏం బాగుంటుంది?"

"ఫొటో ఒకరోజు. చదవడం రోజూ. ఇక్కడ చదివేవాళ్లలో సగం మందికి కళ్లు ఆనవు, మిగతా సగానికి చేతులు ఆగవు. వాచ్‌మన్లున్నారు, ఎక్కడపడితే అక్కడ ప్లగ్గు దొరకదు వాళ్లకి. మూడోది తీసుకోండి. పైగా ఆ డబ్బుకి రంగులవి పన్నెండే వస్తాయి. ఇవి ముప్ఫై."

"నీకు మిషన్ల గురించి ఏం తెలుసు?"

"తెలీదు. అందుకే విప్పి చూశాను. రంగులది విరిగింది."

ఆఫీసరు ఆ మూతని రెండు వేళ్లతో ఎత్తి చూశాడు.

"ఎందుకు విప్పావు?"

"వెన్ను చూద్దామని."

"దీనికి వెన్నుంటుందా?" ఆఫీసరు మేడమ్ వైపు తిరిగి నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"ఉండదని తెలిసింది. బ్యాటరీ చచ్చిపోయిన రోజు దీన్ని మొత్తంగా చెత్తలో వెయ్యాలి. మూడోదానికైతే నాలుగు మరలున్నాయి. ఎవరైనా విప్పుకోవచ్చు, మార్చుకోవచ్చు."

"చెత్తలో వేస్తాం. కొత్తవి కొంటాం. నీదేం పోయింది?"

బైండరు చెవులు ఎర్రబడ్డాయి. గొంతు మాత్రం పెరగలేదు. ఆయనకి నిజంగా కోపం వస్తే గొంతు తగ్గిపోతుందని మేడమ్‌కి తెలుసు.

"ఈ బల్ల మీదికి వచ్చినదాన్ని ఇంతవరకూ నేను చెత్తలో వెయ్యలేదు సార్. చెదలు తిన్నవాటికి పక్క కాగితం అతికాను. వానలో తడిసినవి పుట పుటా ఆరేశాను. కొనడం ఎవరైనా కొంటారు. నేను దానికి సంతకం పెట్టను."

"విరగ్గొట్టినదాని ఖరీదు నీ బిల్లులో కోస్తాం."

"కోసుకోండి."

ఆఫీసరు ఫోన్ తీసి పైవాళ్లతో మాట్లాడాడు. అవతలివాళ్లు ఒకటే అడిగారు: ఎన్నొస్తాయి? రంగులవైతే పన్నెండు సార్, ఇంకోరకం అయితే ముప్ఫై. కాసేపు విన్నాడు. "అవును సార్. నివేదికలో ముప్ఫై అంటే బాగుంటుంది సార్. అలాగే సార్."

ఫోన్ జేబులో పెట్టుకుని కాగితం మీద మూడోదాని పేరు రాసి, బైండరు ముందుకి తోశాడు. సూదిలో దారం ఎక్కించేంతసేపు కూడా పట్టలేదు. నర్సమ్మ చేతులు, వాచ్‌మన్‌ల ప్లగ్గులు, చెత్తకుండీ, ఏదీ ఆ ఫోన్‌లోకి వెళ్లలేదు. తను గెలిచాడన్నమాట. ఓడిపోయినా ఇంత ఒళ్లు మండేది కాదు. పెన్ను కాగితానికి చిల్లు పడేలా నొక్కి సంతకం పెట్టాడు.

ఆఫీసరు లేస్తూ, "చెప్పడం మర్చిపోయాను. వచ్చే నెల నుంచి బైండింగు ఖాతా ఎత్తేశారు, ఆ పనిక ఉండదు. వీటికి డబ్బు అక్కణ్ణుంచే వచ్చింది" అన్నాడు. వెళ్లిపోయాడు.

గదిలో ఆయనా మేడమూ మిగిలారు. గిన్నెలో జిగురు మీద మీగడ కట్టింది.

"నీకు తెలుసా?"

మేడమ్ తల వంచుకుంది. "పది రోజులైంది కాగితం వచ్చి."

"తెలిసే నా బల్ల మీద పెట్టావు."

"మీరు చూడకపోతే ఆ రంగులవే వచ్చేవన్నయ్యా. నేను చెబితే ఎవరూ వినరు. మీతో వాదించలేక ఒప్పుకుంటారని..." ఆవిడ కళ్లు తుడుచుకుంది.

"ఏడవకు. నాకు చిరాకు" అన్నాడు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఎడమకి తిప్పితే ఊడతాయి, కుడికి తిప్పితే బిగుస్తాయి. నాలుగే మరలు. ముప్ఫై వస్తున్నాయి, జాగ్రత్తగా చూసుకో. ఒక్కటి చెత్తలో కనిపించిందో, నేనొచ్చి అరుస్తాను."

మధ్యాహ్నం ఆయన తిండి తినలేదు. దొంతరలో మిగిలిన పదకొండు పుస్తకాలు ఒకదాని తర్వాత ఒకటి కుట్టాడు. దారం లాగినప్పుడల్లా ఆఫీసర్ని ఒక తిట్టు, పై ఆఫీసుని ఒక తిట్టు, హాజరు మిషనుని రెండు. చివరి పుస్తకం ప్రెస్సులో పెట్టి పిడి తిప్పేసరికి నాలుగైంది. బల్ల మీద విరిగిన రంగుల మిషను ఒక్కటే మిగిలింది.

దాని వంక చాలాసేపు గుర్రుగా చూశాడు. ఇవాళే మానెయ్యొద్దని, నెలాఖరు దాకా ఆగమని మేడమ్ రెండుసార్లు వచ్చి చెప్పింది. ఆయన తలుపు వైపు తిరగలేదు. గొణుక్కుంటూనే అల్మరా తెరిచాడు.

అయిదున్నరకి జిగురు గిన్నె కడిగి బోర్లించాడు. సూదులు గుడ్డకి గుచ్చాడు. భుజానికి సంచి తగిలించుకుని గుమ్మం దగ్గర అలవాటుగా మిషను మీద వేలు పెట్టాడు. ఎర్రదీపం వెలిగింది. ఈసారి తిట్టలేదు. గుమస్తా పుస్తకం తెరిచేలోగా మెట్లు దిగి వెళ్లిపోయాడు. గది తాళంచెవి గుమస్తా బల్ల మీద ఉంది.

గది తలుపు వెయ్యడానికి మేడమ్ వచ్చింది. కిటికీలోంచి సాయంత్రపు వెలుగు బల్ల మీద ఏటవాలుగా పడుతోంది. మెత్తటి గుడ్డ మీద ఆ రంగుల మిషను బోర్లా పడుకుని ఉంది. విరిగిన మూలకి అట్ట ముక్క సరిగ్గా కత్తిరించి అతికాడు. మూత ఒక వైపంతా పుస్తకాల అట్టలకి వాడే ఎర్ర కాలికో గుడ్డతో వెన్ను కట్టాడు, ఇకమీదట పుస్తకంలా తెరిచి మూసుకునేలా. చుట్టూ నాడా బిగించి, దాని కింద చీటీ దోపాడు. పెన్సిలుతో, పుస్తకాల మీద నంబర్లు వేసే గుండ్రటి రాతతో రాసి ఉంది: తడి ఆరలేదు. పొద్దుటిదాకా కదపొద్దు.