అత్తగారు మరిచిపోయిన ముగింపు

కత్తులకు సాన పట్టే ఆ కుటుంబం ఏ ఊరు చేరినా ఒకటే వరస. మగవాళ్ళు వ్యాను మీంచి సానరాయి దింపేవాళ్ళు, పెద్దకోడలు పొయ్యి రాజేసేది, అత్తగారు ఖాళీ స్థలం చూసుకుని గుర్రం తప్పిపోయినవాడి కథ ఎత్తుకునేది. కథలో వాడు గుర్రాన్ని వెతుకుతూ బయల్దేరేసరికి ఆ స్థలంలో ఇంటి గోడలు లేచేవి, ఏరు దాటేసరికి పైకప్పు అమరేది. అక్కడ ఆపి, "లోపలికి రండి, ఎండకు మాడిపోతారు" అనేది. ఊరు విడిచే రోజు ముగింపు చెప్తే ఇల్లు మాయమైపోయేది. ముగింపు చెప్పలేదా, ఇల్లు అలాగే నిలిచిపోతుంది, దానికి కాపలాగా ఇంట్లోవాళ్ళు ఎవరో ఒకరు ఆగిపోవాలి. అత్తగారు ఎన్నడూ ముగింపు చెప్పకుండా ఊరు విడవలేదు.

చిన్నకోడలికి ఏడో నెల. ఇదివరకు రెండుసార్లు ఏడో నెలలోనే, దారిలోనే బిడ్డ పోయింది. ఈసారి కుదుపు తగిలితే కష్టమని నర్సు కచ్చితంగా చెప్పేసింది. ఊళ్ళో చూస్తే సాన పని అయిపోయింది, మర్నాడే ప్రయాణం.

"అత్తయ్యా, నేను ఉండిపోతాను" అంది భయంభయంగా.

"ఎక్కడుంటావ్, నడిరోడ్డు మీదా? నేను నలుగుర్ని ప్రయాణాల్లోనే కన్నాను, తెలుసా!"

కోడలు కళ్ళొత్తుకుని మూట కట్టుకుంది.

తెల్లారి సామానంతా వ్యానెక్కాక అత్తగారు వాకిట్లో నిలబడి ముగింపు అందుకుంది.

"ఎట్టకేలకు గుర్రం దొరికింది. వాడు దాని మెడ నిమిరి, చెవిలో ఒక మాట చెప్పాడు. ఏమన్నాడంటే..."

కిటికీ ఒకటి అప్పుడే మాయమైంది. అత్తగారి చూపు కోడలి పొట్ట మీద పడింది.

"ఏమన్నాడబ్బా? పాడు మతిమరుపు!"

"అదేనమ్మా, వాడూ..." అన్నాడు పెద్దకొడుకు.

"నోర్ముయ్! నా కథ నువ్వు చెప్తావా? గుర్తొచ్చినప్పుడు నేనే వచ్చి చెప్తా. అందాకా చిన్నోడూ, వాడి పెళ్ళామూ ఇక్కడే ఉంటారు."

అరవై ఏళ్ళుగా ఒక్క ముక్క మరవని మనిషి! పెద్దకొడుకు చిన్నవాళ్ళ మూట వ్యానులోంచి దింపాడు. ఆ ముగింపు చిన్నకోడలికీ కంఠతా వచ్చు. పెదవి విప్పితే ఒట్టు. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మూడు నెలలకు వ్యాను తిరిగొచ్చింది. అత్తగారు దిగుతూనే మనవరాలిని లాక్కుని ఒళ్ళో వేసుకుంది.

"గుర్తొచ్చిందా అమ్మా?" అన్నాడు చిన్నకొడుకు.

"తొందరేంట్రా? పిల్లకి మొదట్నుంచీ చెప్పొద్దూ?" అని కథ ఎత్తుకుంది. గుర్రం ఇంకా తప్పిపోనైనా లేదు, వంటింటి పక్కన ఇంకో గది లేచింది.