కంపెనీ వైపు, మన వైపు

గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో భర్త ఎడమ చెంప తుడిచి, తడి ఆరేదాకా ఆగి, ఆమె యంత్రం స్విచ్చి నొక్కింది. అరచేతిలో పట్టేంత యంత్రం అది. ఒక పక్క ఎర్ర దీపాలు, రెండో పక్క రేడియో తరంగాలతో చర్మాన్ని లోపలినుంచి వేడెక్కించే నాలుగు లోహపు బొడిపెలు. బొడిపెలు వేడి తెలిసినవాళ్లకే పనికొస్తాయి. చురుక్కుమనగానే పక్కకు జరపాలి. ఆయన ఎడమ చెంపకు చురుకు తెలియదు కాబట్టి ఆయనకు వెలుతురు మాత్రమే.

“లేచిందా?” అన్నాడాయన. మాటలో సగం ఎడమ మూలనుంచి జారిపోతుంది. ఆమెకు మాత్రం అంతా అర్థమవుతుంది.

“కదలకండి.”

“ఊళ్లో లిఫ్టులన్నీ లేపానోయ్. ఇదొక్కటే మొరాయిస్తోంది.”

ముప్పయ్యేళ్లు లిఫ్టులు బాగుచేసిన మనిషి. ఏడాదిన్నర కిందట పక్షవాతం వచ్చింది. చెయ్యీ కాలూ కొంతవరకు దారికొచ్చాయి కానీ చెంప రాలేదు. నవ్వితే సగం ముఖమే నవ్వుతుంది, మిగతా సగం ఆ నవ్వు తనది కాదన్నట్టు ఊరుకుంటుంది. ఆయన ఒక్కసారి ముఖం నిండా నవ్వితే చూడాలని ఆమె కోరిక. అంతకుమించి ఎవరినీ ఏమీ అడగడం లేదు.

యంత్రం చర్మానికి, జబ్బు నరానికి. ఆ సంగతి ఆమెకు తెలియక కాదు. వెలుతురే కదా, నష్టం లేదు, లాభమూ లేదు అన్నాడు డాక్టరు. ఆమె అందులో మొదటి సగమే చెవిన వేసుకుంది. ఫలితం కనిపించడానికి పన్నెండు వారాలు పడుతుందని యంత్రంతో వచ్చిన పుస్తకంలో రాశారు. ఈరోజుతో పన్నెండు వారాలు.

“సాయంత్రం ఫొటో తీస్తాను. పాతదాని పక్కన పెట్టి చూద్దాం.”

“తేడా లేకపోతే ఉద్యోగంలోంచి తీసేస్తావా?”

ఆమె నవ్వలేదు. గుడ్డ ఉతికి ఆరేసి, టీ ఆయన కుడిచేతికి అందేలా పెట్టి, పక్కింటి పిన్నిగారికి తాళం ఇచ్చి బస్సెక్కింది.

పెద్ద షాపులో కింది అంతస్తు, లిప్‌స్టిక్కులు దాటాక ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక అద్దం. నాలుగేళ్లుగా అక్కడ ఆ యంత్రాన్ని చూపించి అమ్మడమే ఆమె ఉద్యోగం. యంత్రం గొప్ప చూపించడానికి ఆమె తన ముఖాన్నే వాడాలి. కుడి చెంపకు వారానికి మూడుసార్లు యంత్రం పెట్టాలి. ఎడమ చెంపకు యంత్రం కాదు కదా, క్రీము కూడా తగలకూడదు. అలాగని కంపెనీ కాగితం మీద సంతకం చేసింది. ఇప్పుడామెకు యాభై రెండు. కుడి పక్క దవడ గీత కాస్త బిగువుగా ఉంటుంది. ఎడమ పక్క పెదవి కింద చర్మం వదులై చిన్న సంచిలా దిగింది. మరీ అంత తేడా ఏమీ లేదు. అద్దం దగ్గర తల కొంచెం వంచి, దీపం కింద నిలబడితే కనిపిస్తుంది. ఎంత వంచాలో ఆమెకు తెలుసు.

కొత్తల్లో ఇంటికి రాగానే ఆయన ఒకటే ఆటపట్టించేవాడు. కుడి చెంప కంపెనీది, ఎడమది మనది అనేవాడు. బస్సులో ఎప్పుడూ ఆమెకు ఎడమ పక్కనే కూర్చునేవాడు. అటు పరాయి సొత్తు, మనకెందుకు గొడవ అనేవాడు. ముద్దు పెట్టినా ఎడమ చెంపకే పెట్టేవాడు. అందుకే తోటివాళ్లు జాలిపడినప్పుడల్లా ఆమెకు ఆశ్చర్యంగా ఉండేది. ఆ వదులు చెంప మీద ఆమెకు ఎన్నడూ బెంగ లేదు.

మధ్యాహ్నం మూడు దాటాక ఆమె వయసే ఉన్న ఒకావిడ వచ్చి కూర్చుంది. ఏదో బడిలో టీచరట. ఆమె టీచరు చెంపకు జెల్ రాసి, బొడిపెలు ఆనించి, దవడ దగ్గరనుంచి చెవి వైపు మెల్లగా జరపసాగింది.

“వేడి తెలుస్తోందా మేడం?”

“తెలుస్తోంది. నిజం చెప్పండి, లేస్తుందా?”

“పన్నెండు వారాలు వాడాలి మేడం.”

“ఇంట్లో ఇంకెవరైనా వాడుతున్నారా?”

కంపెనీ నేర్పిన జవాబు వేరే ఉంది. ఆమె నోట ఇంకోటి వచ్చింది. “మావారికి పెడుతున్నాను.”

“మగవాళ్లకు కూడానా!” టీచరు నవ్వింది. “ఏమైనా తెలిసిందా మరి?”

“సాయంత్రం చూడాలి.”

అప్పుడే ఫోన్ మోగింది. పిన్నిగారు.

“ఓసారి ఇంటికి రామ్మా.”

“ఏమైంది పిన్నిగారూ?”

“నువ్వు రామ్మా.”

ఇంకేమీ అడగలేదు. అడిగితే చెబుతారని భయం. ఫోన్ బల్ల మీద పెట్టి మళ్లీ యంత్రం అందుకుంది. టీచరుకు ఒక చెంప అయింది, రెండోది మిగిలింది. ఆరు నిమిషాలు. మధ్యలో ఆపితే ఒక పక్క వెచ్చగా, ఒక పక్క చల్లగా మనిషి లేచి వెళ్లాలి. అలా ఆమె ఎవరినీ పంపలేదు. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. యంత్రం కూత పెట్టాక జెల్ తుడిచి, అద్దం అందించి, సూపర్‌వైజరుకు చెప్పి బయల్దేరింది.

ఆయన కిటికీ పక్క కుర్చీలోనే ఉన్నాడు. కునుకు తీస్తున్నాడనుకున్నారట పిన్నిగారు. డాక్టరు వచ్చి చూసి వెళ్లాడు. మళ్లీ పక్షవాతమే అయుంటుందని, బాధేమీ తెలిసి ఉండదని చెప్పాడట.

ఆమె ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. అలవాటు కొద్దీ కళ్లు ముందు ఎడమ చెంప మీదికి, తర్వాత కుడి చెంప మీదికి వెళ్లాయి. కుడి చెంప కూడా పట్టు వదిలేసింది. పెదవి రెండు మూలలూ ఒకే ఎత్తులో ఉన్నాయి. నాలుగేళ్లుగా రెండు చెంపల తేడా చూపించి బతికిన మనిషికి ఎంత వెతికినా తేడా కనిపించలేదు. ఫొటో తీయలేదు.

“కళ్లజోడు నేనే తీసి పెట్టానమ్మా,” అన్నారు పిన్నిగారు.

ఆమె దాన్ని తీసుకుని ఆయనకు పెట్టింది. ముఖం జారాక పెద్ద ఫ్రేము వంకరగా కూర్చునేది. కళ్లజోళ్ల షాపులో చెప్పి, ఆ ముఖానికి సరిపోయేలా ఒక కాడ వంపించింది. ఇప్పుడది ఒక కంటి మీదికి ఎక్కి, ఇంకో కంటి కిందికి దిగింది. రెండుసార్లు సర్దింది. కుదరలేదు.

తీసి, మడవకుండానే బల్ల మీద పెట్టింది. చదునైన బల్ల మీద ఒక కాడ ఆని ఉంది, రెండోది వేలెడంత పైకి లేచి ఉంది.