దరియావలి ముక్కు

తవుడు గొట్టం కింద గోతం నిండగానే దరియావలి అలవాటుగా గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏ వాసనా రాలేదు. అయినా బాగుందన్నట్టు తలాడించి మూతి కుట్టాడు.

కొడవలూరు బియ్యం మిల్లులో చేరేనాటికి అతనికి మీసాలు నల్లగా ఉండేవి. ఇప్పుడు కనురెప్పల మీద కూడా దుమ్మే. ఊక ఇటుక బట్టీలకు, నూకలు కోళ్ళకు, తవుడు గొడ్లకు పోతాయి. తవుడు తాజాదో ముక్కిపోయిందో ముక్కుతోనే చెప్పేవాడు. పాడి రైతులు "దరియావలి వాసన చూసినాడా?" అని అడిగి మరీ కొనేవాళ్ళు. ఆ మాటే అతనికి పరువు.

ఆమధ్య భార్య రహీమున్నీసా పొయ్యి మీద చేపల పులుసు మాడ్చి తనను తానే తిట్టుకుంటుంటే, పక్కనే కూర్చున్న ఇతను "ఏమైనాది?" అన్నాడు. ముక్కు పోయిందని అప్పుడు తెలిసింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇక తనను అడిగేదెవరు?

పోయిన వారం వానకు మిల్లు వెనక రేకు కారి కొన్ని గోతాలు తడిశాయి. ఒకదాన్ని ఆరబోసి, ఉండలు జల్లించి, వాసన చూసినట్టు చూసి, సైకిలు మీద తీసుకెళ్ళి ఆదిశేషమ్మ ఇంట్లో ఊరికే వేసి వచ్చాడు. మొగుడు పోయిన ఆమెకు కొత్తగా ఈనిన గేదె ఒక్కటే ఆధారం. మేలు చేస్తున్నాననే అనుకున్నాడు.

ఇవాళ మధ్యాహ్నం పాలు పోసే పెంచల్ మిల్లు గేటు దగ్గర ఆగాడు. "ఆదిశేషమ్మ బర్రె నిన్నట్నించీ మేత ముట్టడంలేదంటన్నా. బూజు తవుడేమన్నా పెట్టినారా అని డాక్టరు అడిగినాడంట."

దరియావలి విప్పిన అన్నం క్యారేజీని మళ్ళీ మూసేశాడు.

సాయంత్రం వెళ్ళేసరికి గేదె కాళ్ళు చాపి పడుకుని ఉంది. దాని మెడ మీద చెయ్యి వేసి కూర్చుంది ఆదిశేషమ్మ. ఇద్దరూ చూస్తుండగానే దాని డొక్క ఎగరడం ఆగిపోయింది.

"దిష్టి, నాయనా," అంది ఆమె, మెడ మీది చెయ్యి తియ్యకుండానే. "ఈనినకాడ్నించీ అందరి కళ్ళూ దీని మీదనే. డాక్టరేమో బూజంటాడు. దరియావలి వాసన చూసి తెచ్చిన తవుడయ్యా, బూజెట్లుంటాదని కసిరినా."

తిట్టినా బాగుండేది. సిగ్గుతో అతను తల ఎత్తలేకపోయాడు.

"మిగిలిన తవుడు ఎత్తుకపో. ఎవరి గొడ్డుకన్నా పెట్టుకుంటారు."

దరియావలి గోతం మీద చెయ్యి వేసి ఆగిపోయాడు.

"వొద్దక్కా. అది ఏ గొడ్డూ తినకూడదు. నాకు వాసన తెలవక చానా నాళ్ళయినాది. తెలిసినట్టు తలకాయ ఊపినా. నీ బర్రెను నేనే చంపినా."

ఆదిశేషమ్మ అతని ముఖంలోకి చూసింది. లేచి, దూడను విప్పుకుని లోపలికి పోయి తలుపు వేసుకుంది.

దరియావలి తొట్టి మీదికి వంగి గుండెల నిండా గాలి పీల్చాడు. ఏ వాసనా రాలేదు. పొద్దున కలిపినా గేదె మూతి పెట్టని కుడితి, తవుడు తెట్టుకట్టి, తొట్టి నిండా అలాగే ఉంది.