ఒకటో రకం గింజలు

మా ఇంట్లో ఉద్యోగం మా ఆయనది, వ్యాపారం నాది. ఆయన బస్సు నడిపి రిటైరయ్యాక ఉద్యోగం పోయింది, వ్యాపారం మిగిలింది. మనిషిని ఊరికే కూర్చోబెట్టడం దేనికని పప్పులు, గింజలు అమ్మే నా దుకాణంలో ఆయనకో స్టూలు వేశాను. నేను పెట్టిన పెట్టుబడుల్లో అంత నష్టం తెచ్చింది ఇంకోటి లేదు.

ఎవరైనా వచ్చి, "ఈ శనగలు కొత్తవేనా అండీ?" అని అడిగితే నేను నోరు తెరిచేలోపే ఆయన, "కాదండీ, పోయినేటివి. కొత్తవి వారంలో వస్తాయి, అప్పుడు రండి," అనేవారు. వాళ్లు సంతోషంగా వెళ్లి, ఆ వారానికి సరిపడా శనగలు ఎదురు దుకాణంలో కొనుక్కునేవాళ్లు.

"బస్సులోనూ ఇంతేనా మీరు?" అని అడిగానొకసారి.

"బస్సులో చెప్పడానికేముంది? ఎక్కడికి పోతుందో ముందు బోర్డు మీదే రాసుంటుంది," అన్నారు.

స్టూలు తీసేశాను. అప్పట్నుంచి ఆయన ఇంట్లోనే తిరిగేవారు. కారని కుళాయిల్ని కారేదాకా బిగించేవారు. మా అత్తయ్య, అంటే ఆయన తల్లి, వెనక గుమ్మం దగ్గర కూర్చుని, "ఒరేయ్, నడిచి నడిచి గచ్చు అరగదీస్తావు, ఎక్కడో ఓ చోట కూలబడరా," అని అరిచేది.

ఆ గుమ్మం అవతల పెరడు. అక్కడ నేను సరుకు దాచుకోడానికి గోదాము కట్టాలనుకున్నాను. మేస్త్రి పునాదులు తీసి, స్తంభాలకని మూలమూలకీ ఇనుప చువ్వలు నిలబెట్టి, వేరే పని ఉందని చెప్పి మాయమయ్యాడు. మేస్త్రీలు అలాగే మాయమవుతారు. అది ముందే లెక్కలో వేసుకుని పని మొదలుపెట్టాలి.

ఒకరోజు మా ఆయన, పై ఆఫీసర్ని సెలవడిగినట్టు నేల చూస్తూ, "ఆ పెరడు నాకిస్తావా?" అన్నారు.

"దేనికి?"

"ఏదైనా తీగ పాకిస్తాను. నాదంటూ ఓ పని ఉంటుంది."

ఇంట్లో ఇది నాది అని చెప్పుకోడానికి ఆయనకో కుర్చీ కూడా లేదని అప్పుడు గమనించాను. అయినా జాలితో జాగా ఇచ్చేదాన్నయితే ఈపాటికి దుకాణం కూడా ఉండేది కాదు.

"బేరం మీద ఇస్తాను. మేస్త్రి తిరిగొచ్చేలోగా గిన్నెడు గింజలు పండించండి, పెరడు మీదే. లేదా గోదాము లేస్తుంది."

"ఏ గిన్నె?" అంది అత్తయ్య. ఆవిడ లేకపోతే ఈ ఇంట్లో ఏ బేరమూ తెగదు.

"రోజూ అన్నం వండే గిన్నె."

ఆయన వెంటనే ఒప్పుకున్నారు. బేరమాడని మనిషితో బేరం పెట్టుకుంటే ఏదో దొంగతనం చేసినట్టుంటుంది.

విత్తనం నేనే ఇచ్చాను. డబుల్ బీన్స్. తెల్లగా, వెడల్పుగా ఉంటాయి, మా దుకాణంలో బాగా పోయే సరుకు. రేపు నాసి రకం అంటగట్టానన్న మాట రాకూడదని ఒకటో రకం బస్తాలోంచే తీశాను. ఒక్క మచ్చ లేదు, ఒక్క పుచ్చు లేదు. ఆయన ఒక్కొక్క గింజకీ మొలక వచ్చే కన్ను కిందికి ఉండేలా చూసి, స్కేలు పెట్టి కొలిచినట్టు నాటారు.

ఒక్కటీ మొలవలేదు. తవ్వి చూస్తే ఉబ్బి, కుళ్లి, వేళ్లకు జిగురులా అంటుకున్నాయి. అదే బస్తాలోంచి మళ్లీ ఇచ్చాను. మళ్లీ అంతే.

ఆయన నన్నేమీ అనలేదు. చువ్వల మధ్య బకెట్ బోర్లించుకుని కూర్చుని, "నాకు హస్తవాసి లేదులే. మేస్త్రికి కబురు పెట్టు," అన్నారు. ఆ రోజు కుళాయిల జోలికి కూడా పోలేదు.

అత్తయ్య మాత్రం ఊరుకోలేదు. "నువ్వే ఏదో చేశావే, అమ్మాయ్."

"సరుకు మీరూ చూశారుగా అత్తయ్యా. అద్దంలా ఉన్నాయి."

"అద్దం మొలుస్తుందా?"

నాకు ఒళ్లు మండింది. కొన్నవాడు సరుకు బాగాలేదని గొడవపడితే సర్దిచెప్పొచ్చు. తప్పు తనదేనని తలొంచుకు కూర్చుంటే ఏం చెప్పాలో ఏ వ్యాపారికీ తెలియదు.

ఆ వారంలోనే మిల్లు నుంచి లారీ వచ్చింది. ఒకటో రకం బస్తా విప్పి చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది.

"ఇదేమిటయ్యా, వేడైనా ఆరకుండా తెచ్చావు?" అని డ్రైవర్ మీద లేచాను.

"నన్నంటారేంటమ్మా? పురుగు గుడ్డు బతక్కూడదు, డ్రమ్ములో వేసి గట్టిగా వేడెక్కించండని ప్రతిసారీ ఫోన్ చేసేది మీరేగా!"

నిజమే, నేనే. గుడ్డు చచ్చే వేడికి గింజ బతుకుతుందా అని ఒక్కసారీ అనుకోలేదు. అనుకునే అవసరం రాలేదు. నా దగ్గర కొన్నవాళ్లు వండుకుంటారు, పాతిపెట్టరు.

ఇంటికెళ్లి చెప్పాను. "ఏమండీ, లోపం మీ చేతిలో లేదు. నేనిచ్చిందే చచ్చిన సరుకు."

ఆయన బకెట్ మీంచి లేచారు. "అయితే కొన్నవాళ్లందరికీ చెప్పాలి కదా?"

"స్టూలు అందుకే తీసేశాను," అని, దుకాణంలో ఓ మూల పడేసిన, మిల్లు డ్రమ్ము ముఖం చూడని నాసి రకం బస్తాలోంచి తెచ్చిన గింజలు ఆయన ముందు పోశాను. వంకరవి, మచ్చలవి, చిల్లులు పడ్డవి.

"పురుగు పట్టిందే!"

"పురుగు బతికుందంటే గింజలోనూ ప్రాణం ఉన్నట్టే. పుచ్చనివి ఏరుకోండి."

ఈసారి మొలిచాయి. మెడ వంచుకుని నేలను చీల్చుకొచ్చి, నిటారుగా లేచి, నా గోదాము చువ్వల్ని పట్టుకున్నాయి. ఆయన పొద్దున్నే వెళ్లి, "రైట్, రైట్," అంటూ తీగల్ని చువ్వల మీదికి తిప్పేవారు. పూత వచ్చింది, పిందె పడింది, కొన్ని కాయలు ముదిరాయి. ఇంకొన్నాళ్లు ఆగితే సరిపోయేది. అప్పుడే మేస్త్రి వచ్చాడు.

"నా చువ్వలేవమ్మా?"

"అవే."

మేస్త్రి ఓ తీగని పక్కకి తప్పించి చువ్వని తట్టి చూశాడు. "ఇదంతా కోసేస్తే గాని కాంక్రీటు పడదు."

"ఆగు. కొలత ఉంది."

ఆయన ముదిరిన కాయలన్నీ కోశారు. అత్తయ్య ఒలిచింది, అన్నం గిన్నె తెచ్చి గింజలు పోసింది. గిన్నె అడుగు కప్పి కాస్త పైకి వచ్చాయి, అంతే.

"సగం కూడా లేదు," అన్నారు ఆయనే, ఎవరూ అడక్కుండా. "కానివ్వు, మేస్త్రీ." వెళ్లి మొదటి చువ్వ దగ్గర తీగ విప్పడం మొదలుపెట్టారు. లేత కొసలు తెగకుండా, మెల్లగా.

నేను లోపలికెళ్లి పాలు కాచే చిన్న గిన్నె తెచ్చి, గింజలన్నీ అందులో ఒంపాను. గోపురంగా నిలిచాయి.

ఆయన తిరిగి చూశారు. "అది ఆ గిన్నె కాదు."

"కాదు."

"మనం అనుకుంది అన్నం గిన్నె."

"అనుకున్నాం. కానీ నేనిచ్చిన సరుకు చెడింది, రెండుసార్లు. సరుకు చెడితే ఇచ్చినవాళ్లు తరుగు కింద కొలత తగ్గించుకోవాలి. ఎంత తగ్గాలో నేను చెప్తాను. ఇంత తగ్గాలి."

"అది మరీ ఎక్కువ..."

"నోర్ముయ్యరా!" అంది అత్తయ్య. "గిన్నె నిండింది."

ఆయన చేతిలో ఉన్న తీగ కొసని మళ్లీ చువ్వకు చుట్టారు.

"మరి నా పనమ్మా?" అన్నాడు మేస్త్రి.

"వేరే జాగా చూసి కబురు పెడతాను."

"సరే, ఈలోగా నాకు వేరే పని ఉంది," అని అతను మాయమయ్యాడు.

ఆ గింజలు మెత్తగా ఉడికించి, నీళ్లు వార్చి, ఉప్పు చల్లి ముగ్గురం తిన్నాం. మా ఆయన నమిలి నమిలి, "తోలు కాస్త మందం," అన్నారు.

"మీ పంటే కదండీ, కాస్త మంచి మాట చెప్పొచ్చుగా?"

"మందమే."

పెరడు ఆయనకిచ్చేశాను. స్టూలు మాత్రం ఇవ్వలేదు.